‘బాగానే’ అంటే?

జూన్ 3

ఇవాళ మనవరాలు ఉద్యోగంలో చేరింది. నాలుగేళ్ళు నర్సింగ్ చదివి పట్టా పుచ్చుకున్న పిల్ల, పొద్దున్నే సాక్సులు దొరక్క ఇల్లంతా తలకిందులు చేసి, చివరికి నావి తొడుక్కుని పోయింది. ఈ ఇంట్లో సాక్సులు బీరువాలో ఎడమవైపు కింది అరలో ఉంటాయి. ఎప్పటినుంచో అక్కడే ఉంటున్నాయి. ఆ సంగతి ఇంటికొచ్చిన దొంగక్కూడా తెలుస్తుంది, ఈ పిల్లకు తప్ప.

గుమ్మం దాటుతూ “పోతున్నా అమ్మమ్మా” అంది.

“పోతున్నా ఏమిటే? వెళ్ళొస్తా అను” అని మెట్ల మీదినుంచి అరిచాను.

“వెళ్ళొస్తా, వెళ్ళొస్తా! బస్సు పోతోంది!” అని కిందనుంచి వినిపించింది.

బస్సు పోవచ్చు. మనిషి పోకూడదు. బతుకంతా బడిలో తెలుగు వ్యాకరణం చెప్పిన నా ఇంట్లో పెరిగిన పిల్ల మాట ఇది. మా అమ్మాయికి బ్యాంకు ఉద్యోగం, ఊరూరా బదిలీలు. చదువు చెడిపోతుందని పిల్లను చిన్నప్పుడే నా దగ్గర వదిలింది. చదువు చెడిపోలేదు. నా ప్రశాంతత చెడింది.

పెద్ద ఆస్పత్రి, సర్జరీ వార్డు. మూడు నెలలు చూస్తారట. పనికొస్తుందనుకుంటే ఉంచుకుంటారు, లేకపోతే పంపేస్తారు. ఈ పిల్ల పనికొస్తుందో లేదో నాకూ తెలియదు. మందుల పేర్లు నిద్రలో కూడా చెబుతుంది. మనిషి ఎదురుగా నిలబడితే మాత్రం నోరు పెగలదు.

ఇంటి ఖర్చులు రాసే పుస్తకాన్ని తిరగేసి వెనకనుంచి ఇది రాస్తున్నాను. ముందునుంచి లెక్కలు, వెనకనుంచి విసుగు. ఏదో ఒకరోజు మధ్యలో కలుస్తాయి.

జూన్ 4

సాక్సులు తిరిగి రాలేదు.

జూన్ 9

వార్డులో హెడ్ సిస్టర్ ఒకావిడ ఉందట. పిల్లలంతా ఆవిడకు ‘అంటే’ అని పేరు పెట్టారు. ఎవరేం చెప్పినా “అంటే?” అంటుందట. మా పిల్ల సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఆవిడను అనుకరించి చూపించింది.

“పేషెంట్ కొంచెం తిన్నారు సిస్టర్ అన్నాననుకో. ‘అంటే?’ రెండు ముద్దలు. ‘అంటే?’ ఇంత గిన్నెలో సగం. ‘ఆ మాట మొదటే చెప్పడానికి నోటికేమొచ్చింది?’ అమ్మమ్మా, అందరి ముందూ! నాకు చెమటలు పడతాయి తెలుసా? ఆవిణ్ణి చూస్తేనే వచ్చిన మాట కూడా వెనక్కి పోతుంది.”

“ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది?”

“నువ్వు ఆవిడ పార్టీయే. నాకు తెలుసు.”

నేనెవరి పార్టీనీ కాను. కాని ‘కొంచెం’ అనే మాటతో నాకూ పాత గొడవలున్నాయి.

భోజనం నిలబడి చేసింది. పెళ్ళి పందిట్లో వడ్డించేవాళ్ళు కూడా చివరికి కూర్చుని తింటారు. చెప్పాను. వినలేదు.

జూన్ 14

ఇవాళ ఏడుస్తూ వచ్చింది. కారణం విన్నాక నవ్వాలో ఏడవాలో నాకే తెలియలేదు.

నెల రోజులు వార్డులో ఉన్న ఒకాయన ఇంటికి వెళుతున్నాడు. భార్య, ఇద్దరు కొడుకులు, సంచులు, దిండ్లు, ప్లాస్కు, అన్నీ సర్దుకున్నారు. మా పిల్ల గుమ్మం దాకా సాగనంపి, రెండు చేతులూ జోడించి, “మళ్ళీ రండి” అందట.

ఆయన భార్య సంచి కింద పడేసింది. “ఏం మాటమ్మా అది! మళ్ళీ రావాలా మేము ఇక్కడికి?” అని అక్కడే మొదలుపెట్టింది. పెద్ద కొడుకు “ఈవిడ పేరేంటి, పేరు చెప్పండి” అంటూ ఫోన్ తీశాడు. హెడ్ సిస్టర్ వచ్చి సర్దిచెప్పి పంపిందట. తరవాత ఈ పిల్లను పక్కకు పిలిచి, “ఇది చుట్టాలిల్లు కాదు. ఇక్కడ మర్యాద అంటే ‘ఇంక రాకండి’ అని చెప్పడం. నేర్చుకో” అందట.

“నువ్వే నేర్పావు కదా అమ్మమ్మా! ఎవరు వెళ్తున్నా మళ్ళీ రండి అనాలని! అనకపోతే వాకిట్లోకి వెనక్కి పిలిచి మరీ అనిపించేదానివి!”

నిజమే. నేర్పాను. పాలవాడికి కూడా చెప్పించాను. ఎవరికి, ఎక్కడ అన్న ఇంగితం వయసుతో పాటు దానంతటదే వస్తుందనుకున్నాను. అది కూడా విడిగా పాఠం పెట్టి చెప్పాలని తెలియదు.

జూన్ 21

పిల్ల డ్యూటీ దిగి వస్తుంటే దారిలో కలిశాను. బస్సులో నా పక్కన కూర్చుని ఎదుటి సీటాయన చేతులకేసి కళ్ళార్పకుండా చూస్తోంది. మోచేత్తో పొడిచాను.

“నరాలు చూడు అమ్మమ్మా, తాళ్ళల్లా ఎంత బాగున్నాయో! కళ్ళు మూసుకుని సూది గుచ్చేయొచ్చు” అంది. గుసగుసే అనుకుంది. బస్సులో సగం మందికి వినిపించింది. ఆయన చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

ఇంటికొస్తే గుమ్మంలో కింది ఇంటావిడ, ఆవిడ ఆడపడుచు, ఆడపడుచు మామగారు. అందరికీ బీపీ చూడాలట. “ఇంట్లో నర్సుండగా బయటెందుకండీ” అంటుంది కింది ఇంటావిడ, ఏదో నాకే మేలు చేస్తున్నట్టు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన పిల్ల, అలాగే నిలబడి అందరికీ చూసింది. వాళ్ళు వెళ్ళాక యూనిఫాంతోనే నిద్రపోయింది. పిన్నులు గుచ్చుకుంటాయని నేనే తీశాను. నిద్రలో “ఐదో బెడ్‌కి ఇచ్చాను సిస్టర్” అంది.

నాకూ షుగర్ ఉంది. ఎన్నేళ్ళుగానో ఉంది. నా మందులు నేను వేసుకుంటాను, ఎవరినీ గుమ్మంలో నిలబెట్టను.

జూలై 2

మొదటి జీతం. నాకు బూట్లు తెచ్చింది.

నడకకు వెళ్ళేటప్పుడు నేను వేసుకునే పాత చెప్పులు చూడలేకపోతోందట. తెల్లవి, పక్కన ఆకుపచ్చ గీత, అడుగున మెత్తటి స్పాంజి. ఈ వయసులో నేను పరుగుపందేలకు వెళ్ళాలా? పెట్టె తెరిచి నా కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, తనే తొడిగి, లేసులు కట్టింది. బొటనవేలు నొక్కి చూసింది. చిటికెనవేలు నొక్కలేదు.

“ఎలా ఉన్నాయి?”

“బాగానే ఉన్నాయి.”

“సరిపోయాయా?”

“సరిపోయాయంటున్నానుగా. లే, ఆలస్యమవుతోంది.”

దాని మొహం వెలిగిపోయింది. ఈ నెల రోజుల్లో ఆ మొహంలో వెలుతురు చూడడం ఇదే మొదలు. 

జూలై 6

బూట్లు బాగానే ఉన్నాయి. కొత్తవి కదా, కాలికి అలవాటు పడాలి.

జూలై 11

మా అమ్మాయి ఫోన్ చేసింది. కూతురి ఫోటో చూసి కంగారుపడిందట, చిక్కిపోయిందట.

“ఎందుకమ్మా దానికి ఆ చాకిరీ? మా ఊళ్ళో ఇన్సూరెన్స్ ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగం ఉంది, ఫ్యాను కింద. నువ్వు ఊఁ అంటే మాట్లాడతాను.”

“నేను ఊఁ అనడమేమిటి? ఉద్యోగం దానిది.”

“నువ్వు ఊఁ అనకపోతే అది మంచినీళ్ళు కూడా తాగదు. నాకు తెలియదా?”

ఈ మాటకు నాకు కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో ఆలోచించే తీరిక లేదు, పొయ్యి మీద పాలున్నాయి.

“నువ్వెలా ఉన్నావు?” అంది చివర్లో.

“బాగానే ఉన్నాను” అని పెట్టేశాను.

జూలై 16

కుడికాలు చిటికెనవేలి కింద చిన్న బొబ్బ. స్నానం చేసేటప్పుడు చూశాను. నొప్పి లేదు. నొప్పి లేనప్పుడు అది ఉన్నట్టా, లేనట్టా? ఆయింట్‌మెంట్ రాసి సాక్సు వేసుకున్నాను. బూట్లు మాననక్కరలేదు. మానితే ఎందుకు మానావంటుంది.

జూలై 19

బొబ్బ చితికింది. బాగానే ఉంది. నడకకు వెళ్ళాను.

పార్కు గేటు మీద ‘పూలు కొయ్యరాదు’ అన్న బోర్డులో ‘పులు కొయ్యరాదు’ అని రాశారు. పులులను ఎవరు కోస్తారు? తోటమాలికి చెప్పాను. “చదివేవాళ్ళెవరండీ, కోసేవాళ్ళే గాని” అన్నాడు.

జూలై 23

పిల్ల ఇవాళ వచ్చి బూట్లు కూడా విప్పకుండా వంటగది గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.   కూరగాయలు తరుగుతున్నాను. తరిగినవే మళ్ళీ తరిగాను.

పన్నెండో బెడ్‌లో ఒక ముసలాయన ఉన్నాడు. బతుకంతా లారీ నడిపినవాడు. కడుపుకు ఆపరేషన్ అయింది. ఈ పిల్ల రోజూ ఆయన మాటలే చెబుతుండేది. ఇంజెక్షన్‌తో వెళితే “హారన్ కొట్టి రావాలి సిస్టరమ్మా” అంటాడని, ట్యూబు మారిస్తే “ఆయిల్ మార్చావా” అంటాడని.

నిన్న ఆయన సరదాగా లేడట. పాలు సగంలో పెట్టేశాడు. చెయ్యి కడుపు మీదినుంచి తీయలేదు. నాడి కాస్త ఎక్కువగా కొట్టుకుంటోంది. పిల్లకు ఏదోలా అనిపించింది. “ఎలా ఉంది తాతా?” అని అడిగింది. “బాగానే ఉందమ్మా” అన్నాడు. డ్యూటీ మారే వేళయింది. వచ్చినవాళ్ళకు ఒక్కొక్క బెడ్డూ అప్పజెప్పాలి. పక్కన హెడ్ సిస్టర్ నిలబడి ఉంది.

“అనుమానంగా ఉందని చెప్దామనుకున్నా అమ్మమ్మా. చెప్తే ‘అంటే?’ అంటుంది. నా దగ్గర ఏముంది చెప్పడానికి? నాకేదోలా ఉందని చెప్పనా? అందరూ నవ్వుతారు. అందుకని...”

“అందుకని?”

“పన్నెండో బెడ్, బాగానే ఉన్నారు సిస్టర్, అనేశా.”

ఆ సమయానికే ఎవరో పిలిస్తే హెడ్ సిస్టర్ అటు వెళ్ళింది. ‘అంటే?’ అని అడిగే మనిషి ఆ ఒక్క బెడ్ దగ్గర లేకపోయింది. తెల్లారేసరికి ఆయన కడుపు రాయిలా బిగిసింది. లోపల కుట్టు విడిపోయిందట. మళ్ళీ ఆపరేషన్‌కు తీసుకుపోయారు. బతికే ఉన్నాడు. ఐసీయూలో ఉన్నాడు.

“ఆవిడ తిట్టిందా?”

“తిడితే బావుండేది. పక్కకు పిలిచి, ‘బాగానే అంటే ఏమిటి?’ అని మాత్రం అడిగింది.  ‘నీకు కనపడింది. కనపడకపోతే అది వేరే సంగతి. కనపడి మింగేశావు’ అని వెళ్ళిపోయింది.”

జూలై 24

ఇవాళ ఆ పిల్లకు చెప్పకుండా ఉండలేకపోయాను. కూర్చోబెట్టాను.

‘బాగానే’లో ‘నే’ ఉందే, అందులోని ఏకారాన్ని వ్యాకరణంలో అవధారణం అంటారు. ఒక మాటను గట్టిగా నొక్కి చెప్పడానికి పెట్టేది. నేనే వచ్చాను, ఇక్కడే ఉంది, అన్నట్టు. కాని ‘బాగా’ పక్కన చేరేసరికి ఆ ‘నే’కు ఏమవుతుందో తెలియదు, వెన్నెముక పోతుంది. బాగుంది అంటే బాగుంది. బాగాలేదు అంటే బాగాలేదు. బాగానే ఉంది అంటే, ఇంకేదో ఉంది, దయచేసి అడక్కండి అని. లెక్కల పరీక్ష రాసొచ్చిన పిల్లవాడు అనే మాట అది. అప్పులవాడు గుమ్మంలో ఉండగా ఇంటాయన అనే మాట. ఆ ముసలాయన ఆ మాట అన్నప్పుడే నీ చెవి నిక్కబొడుచుకోవాలి. పోనీ ఆయన రోగి, భయపడ్డాడు. నువ్వు దాన్ని తీసుకెళ్ళి అదే మాట ఇంకొకరికి అప్పజెప్పావు. చదువుకున్నవాళ్ళు మాట్లాడే మాటేనా అది?

ఇలా చాలాసేపు చెప్పాను. బాగా చెప్పాను. తరగతిలో అయితే చివరి బెంచీవాళ్ళు కూడా రాసుకునేవాళ్ళు.

పిల్ల తల వంచుకుని విని, “అయిపోయిందా?” అని లేచి వెళ్ళి పడుకుంది.

కాలు బాగానే ఉంది. కాస్త వాసన వస్తోంది, ఆయింట్‌మెంట్‌ది అయుంటుంది. అగరొత్తి వెలిగించాను.

జూలై 26

ఉద్యోగం మానేస్తుందట.

పొద్దున్న లేవలేదు. యూనిఫాం ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశాను. మధ్యాహ్నానికి కూడా కుర్చీ మీదే ఉంది. హెడ్ సిస్టర్‌కు ఫోన్ చేసి మానేస్తానని చెప్పిందట. ఆవిడ, “ఫోన్లో చెప్పింది నేను వినను. వచ్చి నా మొహం చూసి చెప్పు. అప్పటిదాకా సెలవు రాసుకుంటాను” అందట.

“వెళ్ళి చెప్పు మరి” అన్నాను.

“వెళ్ళలేను.”

“చెయ్యనూ లేవు, మాననూ లేవు. ఇదేం యోగమే?”

“నావల్ల ఇంకో మనిషికి ఏమన్నా అయితే? నీ క్లాసులో తప్పు చేస్తే ఎర్ర ఇంకుతో గీత పెట్టేదానివి. అక్కడ తప్పు చేస్తే మనిషి పోతాడు అమ్మమ్మా!”

 జవాబు లేనప్పుడు నేను చేసే పనే చేశాను. కసురుకున్నాను. మన ఇంట్లో ఎవరూ ఏదీ సగంలో వదల్లేదన్నాను. వాళ్ళమ్మ సంగీతం, నా యోగాసనాలు, పోయిన మా ఆయన పెరటి తోట గుర్తొచ్చాయి గాని, వాటి ప్రస్తావన తేలేదు.

వాళ్ళమ్మ సంతోషంగా ఉంది. ఇన్సూరెన్స్ ఆఫీసువాళ్ళతో మాట్లాడేసిందట. గురువారం బస్సు.

చలిగా ఉంది. కిటికీలు వేశాను. పిల్ల ఫ్యాను వేసుకుంది. ఈ పిల్లకు చలీ వేడీ కూడా తెలియడం మానేసింది.

జూలై 28

 జరిగింది జరిగినట్టు రాయాలి.

సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. పిల్ల వంటగదిలో టీ పెడుతోంది. టికెట్టు గురించి, పెట్టె గురించి మాట్లాడి, చివర్లో మా అమ్మాయి మామూలుగా, “నువ్వెలా ఉన్నావమ్మా?” అంది.

“నాకేం? బాగానే ఉన్నాను.”

వంటగదిలోంచి, “అంటే?” అని వినిపించింది.

నాకు మొదట అర్థం కాలేదు. ఫోన్ చేత్తో పట్టుకుని అటు చూశాను. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మొహం నేను ఎరగను.

“అంటే ఏమిటి అమ్మమ్మా? బాగానే అంటే?”

“మాట వరసకన్నానే. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో...”

“నాలుగు రోజులక్రితం నాకు గంటసేపు పాఠం చెప్పావు. నువ్వు మాటవరసకు ఏమీ అనవు. ఇంట్లో అగరొత్తులెందుకు వెలిగిస్తున్నావు? చలికాలంలో కూడా కిటికీలు మూయవు, మొన్న ఎందుకు మూశావు? స్నానం చేసి బాత్రూంలోంచి సాక్సులతో ఎందుకొస్తున్నావు?”

“చలి.”

“సాక్సులు తియ్యి.”

“నీకేమన్నా మతిపోయిందా?”

“తియ్యి అమ్మమ్మా.”

“తియ్యను.”

ఫోన్లో మా అమ్మాయి, “ఏమయిందమ్మా? ఏమిటి గొడవ?” అంటోంది. పిల్ల వచ్చి ఫోన్ తీసుకుని, “అమ్మా, మళ్ళీ చేస్తా” అని పెట్టేసింది. నా కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. బూట్లు తొడిగిన రోజు కూర్చున్నట్టే.

ఈ పిల్ల నాకెప్పుడూ ఎదురు చెప్పలేదు. గొణుగుతుంది, ఏడుస్తుంది, నిలబడి తింటుంది. ఎదురు మాత్రం చెప్పదు. నేను కాలు వెనక్కి లాక్కున్నాను. నా మడమ పట్టుకుంది. గట్టిగా కాదు. కాని వదల్లేదు.

“అరుచుకో. ఎంతసేపైనా అరుచుకో. నేను లేవను” అంది.

అరిచాను కూడా. కింది ఇంటావిడకు వినిపించే ఉంటుంది.

సాక్సు తీసింది. గుడ్డ అంటుకుపోయి ఉంటే నీళ్ళు తెచ్చి తడిపి, మెల్లిగా తీసింది. నేను అటు చూడలేదు. దాని మొహం చూశాను. ఆ మొహంలో ఏమీ మారలేదు. అప్పుడే నాకు మొదటిసారి భయం వేసింది.

“నొక్కుతున్నా. తెలుస్తోందా?”

“తెలుస్తోంది.”

“నేనింకా నొక్కలేదు అమ్మమ్మా.”

జ్వరం చూసింది. తరవాత నా ఎదురుగానే ఫోన్ తీసి, స్పీకర్‌లో పెట్టి, రెండో చేత్తో కాలు కడుగుతూ మాట్లాడింది.

“సిస్టర్, నేను. సెలవు గురించి కాదు. డెబ్బై రెండేళ్ళ ఆవిడ, చాలా ఏళ్ళుగా షుగర్. కుడికాలు చిటికెనవేలు నల్లబడింది. వేలి కింద పుండు, చీము పట్టింది, వాసన ఉంది. ఎరుపు పాదం మీదినుంచి మడమ దాకా వచ్చింది. వేళ్ళకు స్పర్శ లేదు. జ్వరం నూట ఒకటి. కొత్త బూట్లు కరిచాయి. ఎన్నాళ్ళయిందో ఆవిడ చెప్పడం లేదు, వారం దాటి ఉంటుంది. ఇప్పుడే తీసుకొస్తున్నా. సర్జన్ గారు ఇవాళే చూడాలి.”

నేను బతుకంతా పిల్లల చేత వాక్యాలు రాయించాను. ఆ వాక్యాల్లో తీసేయాల్సిన మాట ఒక్కటి లేదు. చేర్చాల్సిందీ లేదు. ‘కొంచెం’ లేదు, ‘ఏదో’ లేదు, ‘నే’ లేదు.

అవతలనుంచి ‘అంటే?’ అని వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

“తీసుకురా” అని మాత్రం వచ్చింది.

ఆటో వచ్చేలోపు కట్టు కట్టింది. అప్పుడు తలెత్తి, “బూట్లు బాగానే ఉన్నాయన్నావు” అంది. 

“నీ మొహం చూసి అన్నానే” అన్నాను.

 ఇది ఆస్పత్రి మంచం మీద రాస్తున్నాను. పుస్తకం అడిగితే తెచ్చిచ్చింది. తెరవలేదని ఒట్టు పెట్టింది. నమ్ముతాను. తెరిచినా ముందువైపు లెక్కలు చూసి భయపడి మూసేసి ఉంటుంది.

జూలై 30

చిటికెనవేలు తీసేశారు. పాదం దక్కింది.

వస్తువేదైనా తగ్గితే ఆ రోజే రాసిపెట్టుకునే అలవాటు. రాశాను.

ఆగస్టు 2

మా అమ్మాయి వచ్చి మంచం పక్కన కూర్చుని ఒకటే ఏడుపు. కూతురి కోసం కొన్న బస్సు టికెట్టు తనకే పనికొచ్చినట్టయింది, తిరుగు దిశలో. “ఇంత జరుగుతుంటే చెప్పవా అమ్మా” అంటుంది. “నువ్వు అడిగావు, నేను చెప్పాను, నువ్వు నమ్మావు” అన్నాను. మళ్ళీ ఏడ్చింది.

పిల్ల యూనిఫాంలో ఉంది. నన్ను చేర్చిన రాత్రి గడిచాక, పొద్దున్నే హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్ళిందట. మానేస్తానని మొహం చూసి చెప్పడానికి అనుకున్నాను. “లేదు, డ్యూటీ ఎక్కడ వేస్తారని అడగడానికి” అంది. అంతకుమించి వివరం అడగలేదు. ఏ ప్రశ్న అడగాలో, ఏది వదిలెయ్యాలో నాకూ తెలుసు.

ఇన్సూరెన్స్ ఆఫీసు ఊసు మా అమ్మాయి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆగస్టు 5

ఇంత అస్తవ్యస్తమైన చోటు నేను చూడలేదు. మందుల బండి చక్రం కీచుమంటుంది, నూనె చుక్క వెయ్యరు. గోడమీద ‘నిశ్శబ్దం’ అని రాసినచోటే నిలబడి అందరూ అరుచుకుంటారు. అందులోనూ ‘నిశబ్దం’ అని రాశారు. నా తిండిలో ఉప్పు లేదు, తీపి లేదు, అర్థం లేదు.

హెడ్ సిస్టర్‌ను చూశాను. పొట్టిగా, బక్కగా, కళ్ళజోడు తాడు మెడలో వేలాడేసుకుని ఉంది. ఈవిడకా అందరూ హడలిపోయేది?

“నొప్పి ఎలా ఉంది టీచరమ్మా?” అంది.

“ఫర్వాలేదు” అన్నాను.

“అంటే?”

నా వయసులో నన్ను నిలబెట్టి అడిగింది. నిలబెట్టలేదు, పడుకునే ఉన్నాను, అయినా అలాగే అనిపించింది. “మడమ దగ్గర మంటగా ఉంది. కట్టు బిగుసుకున్నప్పుడు ఎక్కువవుతోంది” అన్నాను. రాసుకుని వెళ్ళిపోయింది.

ఈవిడ బడిలో ఉండాల్సిన మనిషి.

ఆగస్టు 8

లారీ ఆయన ఐసీయూలోంచి బయటపడ్డాడు. సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండాలో నడుస్తున్నాడు. మా గది గుమ్మం దగ్గర ఆగి, “టీచరమ్మ అంటే మీరేనా? మీ మనవరాలు మాకు ఊపిరాడనివ్వట్లేదండీ” అన్నాడు.

“ఏం చేసింది?”

“బాగానే ఉన్నానమ్మా అంటే చాలు, స్టూలు లాక్కుని కూర్చుంటుంది. అంటే ఏంటి తాతా, ఎక్కడ తాతా, ఎప్పట్నించి తాతా! చెక్‌పోస్టులో బండి ఆపినట్టు ఆపేస్తోంది. కాగితాలన్నీ చూపించాకే వదుల్తుంది.” 

“విసుగ్గా ఉందా?”

“మరే” అని గోడకు చెయ్యి ఆనించాడు. “ముందే ఆపుంటే బావుండేదని ఒకరోజు నాతో అని ఏడ్చిందండీ. అబద్ధం చెప్పింది నేనమ్మా, బ్రేకులు పోయిన సంగతి డ్రైవరే చెప్పకపోతే క్లీనరేం చేస్తాడు అన్నాను. అయినా ఆపుతోందిగా ఇప్పుడు. ఆపనివ్వండి.”

స్టాండు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ చక్రమూ కీచుమంటోంది.

ఆగస్టు 12

ఇవాళ పంపించేశారు.

మా అమ్మాయి సంచులు సర్దింది. ప్లాస్కు మూత కనపడక గొడవ చేసింది. నాకొక వదులు చెప్పుల జత ఇచ్చారు, పడవల్లా ఉన్నాయి. తెల్ల బూట్లు ఏం చేసిందని పిల్లను అడిగితే, “చిటికెనవేలు దగ్గర కోసేసి దాచాను” అంది. ఎందుకని అడగలేదు.

డిశ్చార్జి కాగితాలన్నీ హెడ్ సిస్టర్ ఆ పిల్లకే అప్పజెప్పి, తను దూరంగా నిలబడింది. మందులు, కట్టు మార్చే రోజులు, కాలు ఎలా చూసుకోవాలో, అన్నీ పిల్ల మా అమ్మాయికి చెప్పి, తిరిగి చెప్పించుకుంది. మా అమ్మాయి ఒకచోట “కొంచెం గోరువెచ్చని నీళ్ళు” అంది. “కొంచెం అంటే?” అంది పిల్ల. నేను కిటికీలోంచి బయటికి చూశాను. లేకపోతే నవ్వేదాన్ని.

చక్రాల కుర్చీ పక్కకు హెడ్ సిస్టర్ వచ్చి, “ఇంకా మూడు నెలలు నిండలేదు. కాగితం వచ్చే నెలలో వస్తుంది. నేను మాత్రం రాయాల్సింది రాసేశాను” అంది.

“ఏం రాశారు?”

“పనికొస్తుందని రాశాను.”

“పనికొస్తుందనా, పనికొస్తుందనేనా?”

కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. “పనికొస్తుంది. అంతే” అంది.

పిల్ల నన్ను గేటు దాకా తోసుకొచ్చింది. ఆటోలోకి ఎక్కించి, కాలు ఎత్తి మా అమ్మాయి ఒళ్ళో దిండు మీద పెట్టింది. తన డ్యూటీ అయ్యేసరికి సాయంత్రమవుతుంది. అప్పుడు ఎలాగూ ఇంటికొస్తుంది. సాక్సులు ఎక్కడున్నాయని అరుస్తుంది. నిలబడి తింటుంది.

ఆటో కదలబోతుంటే ఒక అడుగు వెనక్కి వేసి, యూనిఫాం సర్దుకుని, రెండు చేతులూ జోడించింది. పెద్దవాళ్ళను సాగనంపేటప్పుడు ఎలా నిలబడాలో నేను నేర్పినట్టే నిలబడింది.

“ఇంక రాకండి” అంది.

ఆటోవాడు తిరిగి చూశాడు. మా అమ్మాయి నోరు తెరిచింది.

“రాను” అన్నాను.